ఇద్దరు సార్లు, రెండు దేశాలు

డిచ్‌పల్లిలో మా ఇంటి వెనక వరండాలో కూర్చుంటే రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి నిజామాబాద్ వైపు పోయే రైలుది, రెండోది 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీలది. ఈ ఊళ్లో ఆగేవాటికంటే ఊరి మీదుగా పోయేవే ఎక్కువ. రిటైరైన మనిషికి ఇంతకన్నా మంచి కాలక్షేపం ఏముంటుంది? తాను కదలకుండా లోకం కదలడాన్ని చూస్తూ కూర్చోవచ్చు.

ఆదివారం సాయంత్రాలు ఇద్దరు మిత్రులు వస్తారు. ఇద్దరూ నాలాగే చాక్‌పీసు పట్టుకుని బతికినవాళ్లు. ఒకాయనది బోధన్. శక్కర్‌నగర్ క్వార్టర్లలో పుట్టి, అక్కడే పెరిగి, ఫిజిక్స్ చదివి, ఇక్కడ కాంట్రాక్టు కొలువుల మీద విసిగి ఇథియోపియా వెళ్లాడు. మెకెలె పట్టణంలో ఏడేళ్లు పాఠాలు చెప్పాడు. రెండో ఆయనది ఆర్మూర్ పక్క పల్లె. లెక్కల మాస్టారు. ఎరిత్రియా రాజధాని అస్మరాకు కాస్త ఎడంగా ఉన్న ఒక కాలేజీలో ఆరేళ్లు చేశాడు. తిరిగొచ్చాక ఊళ్లో వాళ్ల అసలు పేర్లు వెనకబడ్డాయి. ఒకాయన మెకెలె సారు, ఇంకొకాయన అస్మరా సారు. ఛాయ్ హోటల్ పిలగాడు కూడా "మెకెలె సార్‌కు చక్కెర కమ్" అని కేకేస్తాడు. చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో పుట్టినవాడికి చక్కెర జబ్బు రావడం మీద మాలో మేం చాలాసార్లే నవ్వుకున్నాం.

మనవాళ్లు గల్ఫుకు పోవడం ఈ జిల్లాలో వార్త కాదు. ప్రతి పల్లెలోనూ దుబాయ్ డబ్బుతో లేచిన ఇల్లొకటి ఉంటుంది. ఆఫ్రికాకు పాఠాలు చెప్పడానికి పోయినవాళ్ల సంగతి మాత్రం పెద్దగా ఎవరికీ పట్టదు. చక్రవర్తి హైలే సెలాసీ కాలంలోనే భారతదేశం నుంచి బడిపంతుళ్లు ఇథియోపియాకు వెళ్లారు. ఆ తరంలో కేరళవాళ్లు ఎక్కువ. 2000 తర్వాత ఆ దేశం విశ్వవిద్యాలయాలు వరసగా తెరిచింది. ఒకప్పుడు వేళ్ల మీద లెక్కించే సంఖ్య ఇప్పుడు నలభై దాటింది. అప్పుడు మన దగ్గర పీజీలు, పీహెచ్‌డీలు చేతపట్టుకుని ఖాళీగా తిరుగుతున్నవాళ్లు విమానం ఎక్కారు. మెకెలె, జిమ్మా, బహిర్‌దార్, అర్బామించ్ అనే పేర్లు కొన్ని తెలుగు ఇళ్లలో ఇంటి మాటలైపోయాయి.

ఈ ఇద్దరు సార్లూ కలిస్తే జరిగేది ఒకటే. ఎవరి దేశం గురించి వాళ్లు "మా దగ్గర" అని మొదలుపెడతారు. అత్తగారి ఊరిని ఎదురుగా ఉన్నంతసేపూ తిట్టి, పరాయివాళ్ల ముందు మాత్రం మాట పడనివ్వని అల్లుళ్ల వ్యవహారం.

"మా దగ్గర దొంగతనమనేది లేదు సార్. రాత్రి పన్నెండింటికి ఆడపిల్ల ఒక్కతే నడిచిపోతది" అంటాడు అస్మరా సారు.

"మా దగ్గర నెలకో కొత్త రోడ్డు పడుతుండె. మీ దగ్గర ఇటలీవాడు కట్టిన బిల్డింగులకు సున్నం కొట్టుకుంట కూసున్నరు" అంటాడు మెకెలె సారు.

నేను నడుమ కూర్చుని పల్లీలు తింటాను.

పటంలో గీత గీస్తే మెకెలెకూ అస్మరాకూ రెండు వందల కిలోమీటర్ల చిల్లర. రెండు చోట్లా ఇళ్లలో వినబడేది తిగ్రిన్యా భాషే. ఇద్దరూ తినేదీ ఒకటే, పుల్లటి ఇంజెరా. టెఫ్ అనే సన్నటి గింజ పిండిని పులియబెట్టి, పెద్ద పెనం మీద అట్టులా పోస్తారట. టెఫ్ అందనివాళ్లు జొన్నపిండి కలుపుతారు. ఈ జొన్న దగ్గరికొచ్చేసరికి మా ముగ్గురికీ పేచీ ఉండదు. ఎందుకంటే జొన్నకు పుట్టిల్లు ఆ ప్రాంతమే. ఈశాన్య ఆఫ్రికాలో వేల ఏళ్ల కింద మనిషి మచ్చిక చేసుకున్న గింజ అది. రాగి కూడా తూర్పు ఆఫ్రికా ఎత్తుభూములదే. సముద్రం దాటి వచ్చి ఇక్కడ మన తిండి అయింది. ఆర్మూర్, అంకాపూర్ పక్క పొలాల్లో విత్తనాల కోసం పండించే ఎర్రజొన్న కంకిని చేతిలో పట్టుకుని చూడండి. రక్తం గడ్డకట్టినట్టుండే ఆ రంగు, వేలితో నలిపితే గోరులో దిగే ఆ పిండి. అస్మరా సారు ఓసారి తన పొలం నుంచి ఒక కంకి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది మా ఇద్దరి చుట్టం" అన్నాడు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికన్ అశ్వదళం వల్ల వచ్చిందని తెలిసినవాళ్లకు తెలుసు. హబ్షీ అన్న మాట కూడా ఆ ఎత్తుభూముల జనానికి ఉన్న హబెషా అనే పేరు నుంచే వచ్చింది. కాబట్టి దూరపు చుట్టరికమని కొట్టిపారేయలేం.

చుట్టాలే అన్నప్పుడు, వాళ్ల ఇంటి గొడవలో మన ఇంటి పోలికలు వెతక్కుండా ఉండటం కష్టం.

ఎరిత్రియాను ఇటలీ 1890లో తన వలస చేసుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ ఓడాక అది బ్రిటిషు వాళ్ల పాలనలోకి పోయింది. 1952లో ఐక్యరాజ్యసమితి తీర్మానంతో ఇథియోపియాతో సమాఖ్యగా కలిపారు. కలిపేటప్పుడు హామీలు ఇచ్చారు. పదేళ్లలో, 1962లో, చక్రవర్తి ఆ హామీలను పక్కనబెట్టి ఎరిత్రియాను ఒక జిల్లాలా కలిపేసుకున్నాడు. అంతకు ఏడాది ముందే మొదలైన సాయుధ పోరాటం 30 ఏళ్లు సాగింది. 1993 ఏప్రిల్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే నూటికి 99 మందికి పైగా విడిపోతామన్నారు. మే 24న కొత్త దేశం పుట్టింది.

ఇది చెబుతున్నప్పుడు మా తరం తెలంగాణ మనిషికి లోపల ఏదో కదులుతుంది. 1956లో మనల్నీ కలిపారు. పెద్దమనుషుల ఒప్పందం అన్నారు. 1969లో ఆ ఒప్పందం ఏమైందని వీధుల్లోకి వచ్చారు. 2014 జూన్ 2న విడిపోయాం. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే కథను రెండు చేతిరాతల్లో రాసినట్టుంటుంది. ఇలా పోల్చిన మొదటి సాయంత్రం నాకే భయం వేసింది. ఎందుకంటే అక్కడి కథ విడిపోవడంతో ముగియలేదు.

విడిపోయిన కొత్తలో అస్మరా, అడిస్ అబాబా నాయకులు స్నేహితులే. కలిసి పోరాడి ఇథియోపియా నియంత మెంగిస్తును 1991లో దించినవాళ్లే. ఆస్తుల పంపకం, ఓడరేవు వాడకం, సుంకాలు, అన్నీ మాట మీదే నడిచాయి. ఇథియోపియాకు సముద్రతీరం పోయింది, కానీ అసాబ్ రేవు వాడుకోవచ్చులే అనుకున్నారు. సరిహద్దు గీత ఎక్కడన్నది అన్నదమ్ముల మధ్య అవసరమా అనుకున్నారు. 1997 నవంబర్‌లో ఎరిత్రియా నక్ఫా పేరుతో సొంత డబ్బు తెచ్చింది. లావాదేవీల్లో పేచీ వచ్చింది. 1998 మేలో బద్మే అనే చిన్న ఊరి దగ్గర తుపాకులు పేలాయి. రెండేళ్ల యుద్ధం. కందకాలు తవ్వుకుని, మొదటి ప్రపంచయుద్ధంలోలాగా. పదుల వేలమంది చచ్చిపోయారు. 2000 డిసెంబరులో అల్జీర్స్‌లో సంధి అయింది. 2002లో సరిహద్దు కమిషన్ బద్మే ఎరిత్రియాదే అని తీర్పు చెప్పింది. ఇథియోపియా ఆ ఊరు వదల్లేదు. తీర్పు కాగితం మీదే ఉండిపోయింది, ఊరు ఇథియోపియా చేతిలోనే ఉండిపోయింది. 16 ఏళ్లు అలాగే గడిచాయి. ఫోన్లు లేవు, విమానాలు లేవు. ఒకే భాష మాట్లాడే అక్కాచెల్లెళ్లు ఒకరి చావు ఒకరికి తెలియకుండా బతికారు.

ఆ 16 ఏళ్లలో రెండు దేశాలూ రెండు దారులు పట్టాయి. మా సార్ల వాదం అంతా ఈ భాగం మీదే.

ఇథియోపియా పరుగందుకుంది. 2004 నుంచి పదేళ్లకు పైగా ఏటా పది శాతానికి అటూఇటూగా ఎదిగింది. 2011లో నీలి నైలు మీద పెద్ద ఆనకట్ట మొదలుపెట్టింది. విదేశీ అప్పు పుట్టకపోతే సొంత జనానికి బాండ్లు అమ్మి కట్టింది. 2015లో అడిస్‌లో పట్టణ రైలు, ఆ తర్వాత జిబూతీ రేవుకు కరెంటు రైలు. మెకెలె సారు మాటల్లో చెప్పాలంటే, "ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చి పోతే మా వీధి నేను గుర్తుపట్టకపోతుంటి." వీధులకు పలకల్లాంటి రాళ్లు పరిచేవాళ్లు. పడుచుపిల్లలు వరసగా కూర్చుని సుత్తితో రాయిని నాలుగు పలకలుగా చెక్కేవాళ్లు. ఆ టక్ టక్ చప్పుడు మధ్యనే తను రోజూ క్లాసుకు పోయేవాడు. అక్కడ గడియారం కూడా వేరు. పొద్దు పొడవడంతో లెక్క మొదలు. మన ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట. ఏడాదికి పదమూడు నెలలు. సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక. "అక్కడికి పోయినంక నా వయసు తగ్గింది" అని నవ్వేవాడు.

ఒకసారి సెలవుల్లో దక్షిణాన అవాష్ నది పక్క వోంజీ పోయాడట. 1954లో డచ్చివాళ్లు పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ ఊరది. బస్సు దిగగానే చెరకు పిప్పి వాసన. అక్కడే నిలబడిపోయాడట. "సార్, బోధన్ వాసన గది. మా నాయిన అంగీ వాసన" అని చెప్పినప్పుడు ఆయన గొంతు మారింది.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 1937లో నిజాం ప్రభుత్వ కాలంలో పుట్టింది. దానికంటే ముందు మంజీర మీద నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరు. నీళ్లొచ్చాయి కాబట్టి చెరకొచ్చింది. చెరకొచ్చింది కాబట్టి ఫ్యాక్టరీ వచ్చింది. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఆసియాలోనే పెద్దదని ఊరు చెప్పుకునేది. సైరను మోగితే పల్లెలు టైము సరిచేసుకునేవి. సీజనులో చెరకు బండ్లు కిలోమీటర్ల పొడవున బారు తీరేవి. ఎడ్లకు బండి కిందే గడ్డి, రైతుకు బండి మీదే నిద్ర. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబరులో తాళం పడింది. తెలంగాణ వచ్చిన మరుసటేడు. మెకెలె సారు తండ్రి అప్పటికే లేడు. ఉంటే ఏమయ్యేవాడో అని ఆయన అంటాడు. ఇక్కడో చేదు తమాషా ఉంది. మన ఫ్యాక్టరీ రోజులు లెక్కపెట్టుకుంటున్న ఆ ఏళ్లలోనే, మన ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఇథియోపియా చక్కెర పరిశ్రమకు 640 మిలియన్ డాలర్ల అప్పు వెళ్లింది.

ఎరిత్రియా కథ ఇథియోపియా కథకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడ పరుగు లేదు, నిలబడటమే. అస్మరా నగరం చూడముచ్చటైనదని సారు చెబుతాడు. ఈతచెట్ల లాంటి చెట్ల వరసల కింద వెడల్పాటి వీధి, సైకిళ్లు, చిన్న కప్పుల్లో కాఫీ. 1938లో కట్టిన పెట్రోలు బంకు ఒకటి రెక్కలు చాపిన విమానంలా ఉంటుంది. రెక్కల కింద ఒక్క స్తంభం కూడా ఉండదు. 2017లో ఆ నగరాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మలేరియా చావులు బాగా తగ్గించారు, పసిపిల్లల మరణాలు తగ్గించారు. లంచం అడిగిన గుమస్తా తనకు తగల్లేదంటాడు అస్మరా సారు.

కానీ 1997లో ఆమోదించిన రాజ్యాంగం ఇంతవరకూ అమల్లోకి రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటి అధ్యక్షుడు ఇసయాస్ అఫెవెర్కీయే ఇప్పటికీ అధ్యక్షుడు. జాతీయ స్థాయి ఎన్నిక ఒక్కటీ జరగలేదు. 2001 సెప్టెంబరులో స్వతంత్ర పత్రికలన్నీ మూతపడ్డాయి. చట్టం ప్రకారం 18 నెలలు చేయాల్సిన జాతీయ సేవ, యుద్ధం తర్వాత ముగింపు లేని చాకిరీ అయింది. పన్నెండో తరగతి చదవాలంటే పిల్లలంతా సావా అనే సైనిక శిబిరానికి పోవాల్సిందే.

ఒకనాడు కరెంటు పోయి చీకట్లో కూర్చున్నప్పుడు అస్మరా సారు తన హాజరు పట్టిక సంగతి చెప్పాడు. సెమిస్టరు మొదట్లో క్లాసులో అరవై దాకా పేర్లు. పిలిస్తే "యస్ సర్" అంటారు. ఓ పొద్దున ఒక పేరు పిలిస్తే జవాబు రాదు. మరో వారం ఇంకో పేరు. ఎవరూ తల తిప్పి చూడరు. పక్కవాడు పుస్తకంలోకి ఇంకాస్త వంగుతాడు. ఆ పిల్లవాడు రాత్రికి రాత్రి సరిహద్దు దాటాడన్నమాట. దాటాడో, దారిలో పట్టుబడ్డాడో. "నేను పేరు కొట్టేయలేదు సార్. రోజూ పిలుస్తనే ఉంటి. పిలిచి, రెండు క్షణాలు ఆగి, ఆబ్సెంట్ పెడుతుంటి." ఆ రెండు క్షణాల నిశ్శబ్దం చెప్పేటప్పుడు ఆయన నిజంగానే ఆగాడు. రైలు కూత ఒకటి వినబడింది. మెకెలె సారు ఆ రోజు వాదం పెట్టుకోలేదు.

ఆ రాత్రి పడుకున్నాక నాకు అనిపించింది. నిలకడ అంటే కదలకపోవడమేనా? కదలని నీళ్లు కూడా నిలకడగానే కనిపిస్తాయి. అడుగున ఏం మురుగుతున్నదో పైకి తెలియదు. దొంగలు లేని వీధి మంచిదే. కానీ ఆ వీధిలో నడవాల్సిన పిల్లలే ఊరు విడిచి పారిపోతుంటే, దొంగలకు మాత్రం అక్కడ పనేముంది?

అయితే పరుగెత్తిన దేశం గెలిచిందా అంటే, అదీ లేదు. ఇథియోపియా 1995 రాజ్యాంగం జాతుల వారీగా ప్రాంతాలు ఏర్పరచింది, విడిపోయే హక్కు కూడా 39వ అధికరణంలో రాసిపెట్టింది. హక్కు కాగితం మీద. అసలు అధికారం మాత్రం మెకెలె ఉన్న తిగ్రాయ్ ప్రాంతపు నాయకత్వం ముందు నడిచిన ఒక కూటమి గుప్పిట్లో. రోడ్లు పెరిగిన కొద్దీ, ఆ రోడ్డు ఎవరి భూమి మీదుగా పోయిందన్న కోపమూ పెరిగింది. 2018లో అబీయ్ అహ్మద్ ప్రధాని అయ్యాడు. ఆ జులైలో ఎరిత్రియాతో సంధి. ఫోను తీగలు కలిసిన రోజు ఇథియోపియాలో జనం ఎరిత్రియా కోడు కొట్టి ఏ నంబరు తోస్తే ఆ నంబరుకు ఫోన్లు చేశారట. ఎత్తిన మనిషి ఎవరైనా సరే, కుశలం అడగడానికి. మెకెలె సారు అప్పుడక్కడే ఉన్నాడు. తన విద్యార్థి ఒకడు క్లాసు నుంచి బయటికి పరుగెత్తి, ముక్కూమొహం తెలియని ముసలమ్మతో పావుగంట మాట్లాడి, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడని చెబుతాడు. 2019లో అబీయ్‌కు నోబెల్ శాంతి బహుమతి. ఆ ఏడే మా సారు ఒప్పందం ముగిసి ఇంటికొచ్చాడు.

2020 నవంబరులో యుద్ధం తిగ్రాయ్ మీదికే వచ్చింది. ఎరిత్రియా సైనికులు ఈసారి అడిస్ పక్షాన దిగారు. మెకెలెకు ఫోన్లు ఆగాయి, బ్యాంకులు ఆగాయి, మందులు ఆగాయి. రెండేళ్లకు, 2022 నవంబరులో ప్రిటోరియాలో సంధి కుదిరింది. చనిపోయినవాళ్లు లక్షల్లో ఉంటారని అంచనాలు. ఆ రెండేళ్లూ మెకెలె సారు ఆదివారం వచ్చి కూర్చుని, తన ఫోనులో పాత విద్యార్థుల నంబర్లు ఒక్కొక్కటే నొక్కుతుండేవాడు. మోగదు. మళ్లీ ఇంకోటి. అస్మరా సారు ఆ ఫోను వైపు చూసేవాడు కాదు. ఆయన హాజరు పట్టిక ఆయనకు గుర్తొచ్చేదేమో.

2023 డిసెంబరులో ఇథియోపియా విదేశీ బాండ్ల మీద కట్టాల్సిన వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. 2025 సెప్టెంబరులో అదే దేశం 5,150 మెగావాట్ల ఆనకట్టను ప్రారంభించింది. రెండూ నిజమే. కరెంటు వచ్చినంత మాత్రాన నమ్మకం రాదు. నమ్మకం లేని ఇంట్లో ఆ కరెంటు కూడా గొడవకే పనికొస్తుంది. కింద ఈజిప్టు, సుడాన్ ఉన్నాయి. ఏ ఏడు ఎంత నీరు ఆపాలి, ఎంత వదలాలి అన్న కట్టుబాటు మూడు దేశాల మధ్యా ఇంకా కుదరలేదు.

ఇక్కడే నాకు నిజామాబాద్ గుర్తొస్తుంది. గోదావరి మన దగ్గరికి మహారాష్ట్ర దాటుకుని వస్తుంది. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఆ జలాశయం నీళ్లు వెనక్కి తన్నే చోటనే, నాందేడ్ జిల్లాలో, మహారాష్ట్ర బాబ్లీ బ్యారేజీ కట్టుకుంది. మన పొలాలు ఎండిపోతాయని ఎంత రగిలాం! 2010 జులైలో చంద్రబాబు నాయుడు అటు బయల్దేరితే ధర్మాబాద్‌లో అరెస్టు చేశారు. టీవీల్లో ఆ నాలుగు రోజులూ యుద్ధం వచ్చినట్టే ఉండింది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా బాబ్లీ గేట్లు ఎత్తే ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీ వదలాలి. పర్యవేక్షణకు కమిటీ. అంతే. ఎవరికీ పూర్తిగా నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. అయినా ఏటా నడుస్తున్నది.

రాష్ట్రాలు విడిపోయాక మనకూ పేచీలు తక్కువ లేవు. ఆస్తుల పంపకం ఏళ్లు దాటింది. 2023 నవంబరు చివర్లో నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురుబొదురు నిలబడ్డారు. బద్మే అలాగే మొదలైందని ఆ రాత్రి అస్మరా సారు అన్నాడు. కానీ డ్యామ్ మీదికి కేంద్ర బలగాలు వచ్చాయి, పేచీ మళ్లీ కాగితాల్లోకి పోయింది. మనం వాళ్లకంటే మంచివాళ్లమని దీనర్థం కాదు. రజాకార్ల కాలం చూసిన గడ్డ ఇది. పగలు పోలీసులకూ రాత్రి అన్నలకూ భయపడ్డ పల్లెలు ఇక్కడా ఉన్నాయి. మనకు ఒక విసుగెత్తించే ఏర్పాటు ఉంది, వాళ్లకు లేదు. పేచీ పడ్డ ఇద్దరూ ఛీఛీ అనుకుంటూనే వెళ్లి కూర్చునే కచేరి ఒకటి మనకుంది. తీర్పు వస్తే తిట్టుకుంటూనే గేటు ఎత్తే చేయి ఒకటుంది.

మా ఊళ్లోనే చూడండి. డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రి 1915లో మొదలైంది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ, ఆమె భర్త. నిజామాబాద్ దాత నర్సాగౌడ్ సాయం. అప్పట్లో ఆ జబ్బుకు ఉన్న దిక్కల్లా చాల్‌ముగ్రా నూనె. వారం వారం నొప్పిపుట్టించే సూది, అదీ ఏళ్ల తరబడి. ఒక్కరోజులో లేచి నడిచిన రోగి లేడు. మానకుండా సూది పొడిచినవాళ్లు, మానకుండా వచ్చి పొడిపించుకున్నవాళ్లు, అంతే. బోధన్ పొగగొట్టంలా దూరం నుంచి కనబడే గొప్ప కాదది. ఆ గోడ పక్కన పొద్దున నడకకు పోయినప్పుడల్లా, ఏ ఊరికైనా ఇలాంటి విసుగు పనే పునాదేమో అనిపిస్తుంది.

చెరకు రైతులకు ఇది తెలిసిన సంగతే. మొక్క తోట నరికాక దుబ్బులు భూమిలోనే ఉంచితే మళ్లీ పిలకలేసి కార్శి తోట వస్తుంది. దుబ్బు బతికుండాలి, నరికినవాడు నేలకు ఆనించి నరికి ఉండాలి. ఇథియోపియా ప్రతి కొత్త పాలకుడితోనూ పాత దుబ్బు పెకిలించి కొత్తగా నాటుకుంది. ఎరిత్రియా అసలు నరకనే లేదు. ఒకే తోట నిలువునా ముదిరి బెండు కట్టింది. మన బోధన్ తోటనేమో ఎవరు నరికారో, దుబ్బు ఉందో లేదో, ఇంకా తేలలేదు. ఫ్యాక్టరీ తెరుస్తామని ప్రతి ఎన్నికకూ వింటున్నాం. చెరకు వేసిన చేలల్లో ఇప్పుడు వరి.

పోయినేడు జులై ఒకటిన ముగ్గురం కారు కట్టించుకుని బాబ్లీ పోయాం. నా బలవంతం మీదే. వాన లేదు, ముసురు మాత్రం ఉంది. వంతెన మీద పట్టుమని ముప్పై మంది లేరు. రెండు రాష్ట్రాల నీటిపారుదల శాఖ ఇంజినీర్లు, ఢిల్లీ నుంచి వచ్చిన కేంద్ర జలసంఘం మనిషి, కొందరు విలేకరులు, ఒక ఛాయ్ డబ్బా. పక్కపక్కన నిలబడి మరాఠీ, తెలుగు, హిందీ కలిపి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఒకాయన గొడుగు పట్టుకుంటే ఇంకొకాయన నీటిమట్టం రాసుకున్నాడు. తర్వాత గేట్లు ఒక్కొక్కటే లేచాయి. మొత్తం 14. కింద సన్నటి పాయలా మొదలైన నీళ్లు కొంచెం కొంచెంగా రంగు మార్చుకుంటూ మన వైపు జారాయి. చప్పట్లు లేవు. ఎవరో కాగితం తెచ్చారు. దాన్ని కారు బానెట్ మీద పెట్టి ఇటువాళ్లూ అటువాళ్లూ సంతకాలు చేశారు. గాలికి కాగితం ఎగిరిపోకుండా మహారాష్ట్ర ఆయన ఒక మూలను వేలితో నొక్కిపట్టుకుంటే, మనాయన సంతకం పెట్టాడు.

"గింతేనా?" అన్నాడు అస్మరా సారు.

"గింతే" అన్నాను. ఇంత దూరం తీసుకొచ్చినందుకు నాకే కాస్త సిగ్గేసింది.

మెకెలె సారు మాత్రం ఆ కాగితం మీద నుంచి కళ్లు తిప్పలేదు. ఇంజినీర్లు జీపులెక్కి వెళ్లిపోయారు. ఛాయ్ డబ్బావాడు సర్దుకుంటున్నాడు. ఆయన రెయిలింగు పట్టుకుని, కిందికి పోతున్న నీళ్లను చూస్తూ, మాలో ఎవరితోనూ కాకుండా అన్నాడు:

"మాకు గిది లేకుండె."

ఆ "మాకు"లో బోధన్ లేదు. అస్మరా సారు దగ్గరికి వెళ్లి ఆయన భుజం మీద చేయి వేశాడు.